గ్రేహౌండ్ గ్రాండ్ నేషనల్: వైట్ సిటీ నుంచి సిట్టింగ్‌బోర్న్ దాకా ఒక హర్డిల్స్ పందెం చరిత్ర

పాతపుటలు (చర్చను ప్రారంభించినవారు)
సభ్యులందరికీ నమస్కారం. గుర్రప్పందేల గురించి ఈ వేదికలో ఎన్నో చర్చలు జరిగాయి. దాదాపు వందేళ్ల చరిత్ర ఉన్న గ్రేహౌండ్ గ్రాండ్ నేషనల్ గురించి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాసినట్లు లేదు. గ్రేహౌండ్ అనే జాతి వేటకుక్కలు అడ్డంకులను దూకుతూ పరుగెత్తే పందేలను హర్డిల్స్ పందేలు అంటారు, బ్రిటన్‌లో వాటన్నిటిలోకీ అగ్రస్థానం దీనిదే. డెర్బీ, సెయింట్ లెజర్, ఓక్స్, లారెల్స్ వంటి పోటీలతో పాటు దీనినీ అక్కడి వారు క్లాసిక్ పోటీగా, అంటే అత్యున్నత స్థాయి పోటీగా లెక్కిస్తారు.

పూర్వరంగం క్లుప్తంగా చెబుతాను. 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో ఓవెన్ ప్యాట్రిక్ స్మిత్ అనే ఆయన, ప్రాణమున్న కుందేలుకు బదులుగా పట్టా మీద పరుగెత్తే యంత్రపు కుందేలుతో పందెం నడిపి చూపించాడు. ఆ పద్ధతిని చార్లెస్ మన్ అనే అమెరికన్ బ్రిటన్‌కు తీసుకువెళ్లగా, బ్రిగేడియర్ జనరల్ క్రిచ్లీ తదితరులు ఆయనతో కలిసి గ్రేహౌండ్ రేసింగ్ అసోసియేషన్‌ను స్థాపించారు. 1926 జులై 24న మాంచెస్టర్‌లోని బెల్ వ్యూలో తొలి పందేలు జరిగినప్పుడు సుమారు 1,700 మంది మాత్రమే వచ్చారు. మరుసటి ఏడాది, 1908 ఒలింపిక్స్ కోసం లండన్‌లో కట్టిన వైట్ సిటీ స్టేడియం కుక్కల పందేలకు కేంద్రమైంది. తొలి డెర్బీ, తొలి గ్రాండ్ నేషనల్ రెండూ 1927లో అక్కడే జరిగాయి. డెర్బీని ఎంట్రీ బ్యాడ్జ్, హర్డిల్స్ పోటీని బోంజో గెలుచుకున్నాయి.

నేను చర్చకు పెడుతున్న విషయం ఇది. 1970, 1971, 1972 సంవత్సరాలలో షెర్రీస్ ప్రిన్స్ అనే కుక్క వరుసగా మూడుసార్లు ఈ పోటీని గెలిచింది. మూడు విజయాలు సాధించిన కుక్క అదొక్కటే. ఆ తరువాత ఆ ఘనతను మరే కుక్కా ఎందుకు అందుకోలేకపోయింది? పోటీ ఒక మైదానం నుంచి మరొక మైదానానికి మారుతూ వచ్చినప్పుడు, 1927 నుంచి నేటి వరకు విజేతలందరినీ ఒకే పట్టికలో పక్కపక్కన ఉంచి పోల్చడం న్యాయమేనా?

మలక్‌పేట మైదానం
పాతపుటలు గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. హైదరాబాదులో పందేలు చూసి పెరిగిన నాకు తెలిసినవన్నీ అడ్డంకులు లేని చదునైన పందేలే. అందువల్ల ఒక సందేహం అడుగుతున్నాను. లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో 1839 నుంచి జరుగుతున్న గుర్రాల గ్రాండ్ నేషనల్‌లో నాలుగు మైళ్లకు పైగా దూరం, ముప్ఫై అడ్డంకులు ఉంటాయి. ఎప్పుడు దూకాలో, ఎక్కడ వేగం తగ్గించాలో గుర్రానికి చెప్పడానికి మీద జాకీ ఉంటాడు. కుక్క మీద ఎవరూ ఉండరు కదా, ముప్ఫై సెకన్లలో ముగిసిపోయే పరుగులో ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారు?

ఇంకొక మాట. రెడ్ రమ్ అనే గుర్రం ఎయింట్రీలో 1973, 1974, 1977లలో గెలిచి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. దానికి ముందే షెర్రీస్ ప్రిన్స్ మూడు విజయాలూ పూర్తి చేసిందని మీరు రాసిన సంవత్సరాలను బట్టి తెలుస్తోంది. అయినా దాని పేరు నేను ఇంతవరకూ వినలేదు.

వేటకుక్కల పెరడు
మలక్‌పేట మైదానం గారి సందేహానికి నాకు తెలిసినంతవరకు వివరంగా సమాధానం చెబుతాను, ఎందుకంటే ఈ పోటీలోని అందమంతా అక్కడే ఉంది.

బ్రిటన్‌లో ఒక పందెంలో ఆరు కుక్కలు పరుగెత్తుతాయి. ఒకటో నంబరుకు ఎరుపు, రెండుకు నీలం, మూడుకు తెలుపు, నాలుగుకు నలుపు, ఐదుకు నారింజ రంగు, ఆరుకు నలుపు తెలుపు చారల కోటు తొడుగుతారు. హర్డిల్స్ పందెం వేళకు సిబ్బంది ట్రాక్ మీద అడ్డంకులను నిలబెట్టి, అది పూర్తి కాగానే తీసివేస్తారు. వాటి ఎత్తు సుమారు రెండున్నర అడుగులు. పైభాగం కుచ్చులాగా వంగిపోయేలా ఉంటుంది కాబట్టి కాలు తగిలినా అది గోడలాగా ఎదురు నిలవదు.

గ్రేహౌండ్ పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ప్రతి అంగలోనూ రెండుసార్లు దాని నాలుగు కాళ్లూ నేలను వదిలి గాలిలో ఉంటాయి, ఒకసారి ఒళ్లు విల్లులా ముడుచుకున్నప్పుడు, మరొకసారి పూర్తిగా చాచుకున్నప్పుడు. మంచి హర్డిల్స్ కుక్క చేసేదల్లా, ఆ చాచుకున్న అంగను అడ్డంకి దగ్గరకు సరిపోయేలా ముందే కొలుచుకుని, దానినే కాస్త పొడిగించి దాటిపోవడం. అది ఎత్తుకు ఎగరదు, అడ్డంకిని ఒరుసుకుంటూ ముందుకు పోతుంది. ఎత్తుగా ఎగిరిన కుక్క గాలిలో ఉన్నంతసేపూ నేలను తన్నలేదు కనుక వేగం కోల్పోతుంది, దిగేటప్పుడు బరువంతా ముందరి కాళ్ల మీద పడి మళ్ళీ అంగ సర్దుకోవలసి వస్తుంది. అడ్డంకి అడ్డంకికీ పోయేది ఒక్క అంగ పొడవే అయినా, పందెం పూర్తయ్యేసరికి అది గెలుపోటముల తేడా అవుతుంది.

నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు: పూర్తిగా కుక్కదే. శిక్షకుడు చేయగలిగినదంతా పందానికి నెలల ముందే అయిపోతుంది. చిన్న అడ్డంకులతో, ఒంటరి పరుగులతో మొదలుపెట్టి, తరువాత మరొక కుక్కతో, ఆ తరువాత గుంపుతో అలవాటు చేయిస్తారు. చదును పందేలలో మామూలుగా ఉన్న కుక్క హర్డిల్స్ మీద మెరుపులా మారడం, అక్కడ మేటి అయినది ఇక్కడ తడబడటం తరచుగా జరుగుతుంది. అందుకే దీనిని చదును పందేలకు తోకగా చూడటం నాకు అంగీకారం కాదు. ఇది వేరే విద్య.

థేమ్స్ ఒడ్డు
పాతపుటలు గారి రెండవ ప్రశ్నకు వస్తాను. నేను ఉద్యోగరీత్యా చాలాకాలం నైరుతి లండన్‌లో ఉన్నాను. వింబుల్డన్ స్టేడియంలో ఈ పోటీని చూసే అవకాశం కలిగింది. అందుకే మైదానాల సంగతి చెప్పగలను.

వైట్ సిటీలో ఈ పోటీ చాలాకాలం 525 గజాల దూరానికి జరిగింది. 1975లో బ్రిటన్‌లో కుక్కల పందేలు మీటర్ల లెక్కకు మారినప్పుడు అక్కడి దూరం 500 మీటర్లయింది. 1984లో వైట్ సిటీ మూతపడి, మరుసటి సంవత్సరమే కూల్చివేతకు గురైంది. ఆ స్థలంలో తరువాత బీబీసీ కార్యాలయాలు వెలిశాయి. అప్పుడు డెర్బీని వింబుల్డన్‌కు, గ్రాండ్ నేషనల్‌ను బర్మింగ్‌హామ్‌లోని హాల్ గ్రీన్‌కు తరలించారు. హాల్ గ్రీన్‌లో దూరం 474 మీటర్లు. 1999 నుంచి పోటీ వింబుల్డన్‌కు వచ్చింది, అక్కడ 460 మీటర్లు. 2010ల మొదట్లో కెంట్ ప్రాంతంలోని సిట్టింగ్‌బోర్న్ పట్టణపు సెంట్రల్ పార్క్‌కు వెళ్లింది, అక్కడ 480 మీటర్లు.

ఇందులో ఒక ఆసక్తికరమైన విషయం గమనించండి. 525 గజాలను మీటర్లలోకి మారిస్తే దాదాపు సరిగ్గా 480 మీటర్లు వస్తుంది, తేడా ఆరు సెంటీమీటర్లు. అంటే షెర్రీస్ ప్రిన్స్ గెలిచిన దూరానికే, మధ్యలో మూడు వేర్వేరు దూరాలు చుట్టివచ్చి, పోటీ మళ్ళీ చేరుకుంది. అయితే దూరం సమానమైనంత మాత్రాన పందెం సమానం కాదు. ఒలింపిక్స్ కోసం కట్టిన విశాలమైన స్టేడియంలో మలుపులు వేరు, చిన్న పట్టణపు ట్రాక్‌లో మలుపులు వేరు. మలుపు తిరిగి తిన్నని దారిలోకి రాగానే ఎదురయ్యే హర్డిల్‌ను కుక్క ఏ కోణంలో, ఎంత గుంపు మధ్య చూస్తుందన్నది మైదానాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది.

వైట్ సిటీ ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆ రోజుల్లో ఈ క్రీడకున్న బలం చూపే ఉదంతం ఒకటి చెప్పకుండా ఉండలేను. 1966 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఉరుగ్వే, ఫ్రాన్స్ జట్ల మ్యాచ్ లండన్‌లోనే ఉన్న వెంబ్లీ స్టేడియంలో జరగవలసింది, అక్కడ కుక్కల పందేలు కూడా జరిగేవి. అది శుక్రవారం. ఆ సాయంత్రపు కుక్కల పందేలను రద్దు చేయడానికి వెంబ్లీ యాజమాన్యం ఒప్పుకోలేదు. చివరికి ప్రపంచ కప్ మ్యాచే వైట్ సిటీకి తరలిపోయింది.

అపర్ణ కె.
ఆ ఉదంతం నాకు కొత్త, ధన్యవాదాలు. షెర్రీస్ ప్రిన్స్ విషయంలో మాత్రం మైదానం కన్నా వయసు ముఖ్యమని నా అభిప్రాయం. గ్రేహౌండ్ సాధారణంగా ఏడాదిన్నర వయసు ప్రాంతంలో పందేలకు వచ్చి, నాలుగైదేళ్లకు విరమిస్తుంది. ఏటా ఒక్కసారే జరిగే పోటీని మూడుసార్లు గెలవాలంటే ఆ కుక్క పందెపు జీవితమంతా దాదాపుగా అగ్రస్థానంలోనే ఉండాలి. గుర్రానికి పదేళ్లు దాటినా అవకాశం ఉంటుంది. రెడ్ రమ్ మూడవ విజయం నాటికి దాని వయసు పన్నెండు. ఆ లెక్కన చూస్తే కుక్క సాధించిన మూడు విజయాలు ఏ విధంగానూ చిన్నవి కావు, పైగా మధ్యలో ఒక్క ఏడాది కూడా విరామం లేదు.

రెండుసార్లు గెలిచిన కుక్కల పేర్లు ఎవరికైనా తెలిస్తే రాయగలరా?

పాతపుటలు
అపర్ణ గారూ, వైట్ సిటీ కాలానికి చెందినవి చెబుతాను. జువెనైల్ క్లాసిక్ 1938లోను, 1940లోను గెలిచింది. తరువాత యుద్ధం కారణంగా పోటీ కొన్నేళ్లు ఆగి 1946లో తిరిగి మొదలైంది. బ్లాసమ్ ఆఫ్ అన్నగురా 1949, 1950లలోను, టోపోథిటైడ్ 1978, 1979లలోను వరుసగా గెలిచాయి. ఈ జాబితాలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది జువెనైల్ క్లాసిక్. మధ్యలో ఒక ఏడాది మరొక కుక్కకు వదిలి, మరింత వయసు మీద పడ్డాక, అదీ యుద్ధం మొదలైన తరువాత తిరిగి గెలవడం సామాన్యమైన విషయం కాదు.

థేమ్స్ ఒడ్డు గారు చెప్పిన దూరాలను బట్టి చూస్తే, టోపోథిటైడ్ విజయాలు రెండూ 500 మీటర్ల కాలానివి. అంటే షెర్రీస్ ప్రిన్స్ గెలిచిన వైట్ సిటీలోనే అది కూడా గెలిచింది కానీ, ఇరవై మీటర్లు ఎక్కువ పరుగెత్తవలసి వచ్చింది. హర్డిల్స్‌లో చివరి అడ్డంకి దాటిన తరువాత మిగిలే ఆ తిన్నని దూరం అలసిన కుక్కకు పెద్ద పరీక్ష.

సింధు (పశువైద్య విద్యార్థిని)
చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. విజేతల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, ఇతర కుక్కల కాళ్ల గురించి కూడా మాట్లాడాలని నా మనవి. బ్రిటన్‌లో ఈ పందేలు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో జరుగుతాయి. ప్రతి మలుపులోనూ ఒత్తిడి ఒకే పక్కన పదేపదే పడటం వల్ల, కుడి వెనుక కాలి మడమ కీలులోని మధ్య ఎముక విరగడం పందెపు గ్రేహౌండ్లలో ప్రత్యేకంగా కనిపించే గాయం. మా పాఠ్యాంశాలలో దీనికి ఉదాహరణగా చూపేది ఈ జాతినే. హర్డిల్స్‌లో దీనికి తోడు, దిగేటప్పుడు ముందరి కాలి మణికట్టు కీళ్ల మీద భారం పడుతుంది.

ఇంగ్లండ్‌లో 2010 నాటి నిబంధనల ప్రకారం పందెం జరిగే ప్రతి ట్రాక్‌లోనూ పశువైద్యుడు ఉండి తీరాలి. బ్రిటన్ గ్రేహౌండ్ బోర్డు 2018 నుంచి గాయాల, విరమణల వార్షిక లెక్కలను ప్రచురిస్తోంది. అంటే 1927లో మొదలైన పోటీకి తొంభై ఏళ్లపాటు విజేతల సమయాలను సెకనులో వందో వంతు వరకు రాసిపెట్టుకున్నారు, గాయపడిన వాటి లెక్కలను మాత్రం ప్రజల ముందు పెట్టలేదు. చరిత్ర రాసేటప్పుడు ఈ లోటును కూడా రాయాలి.

వేటకుక్కల పెరడు
సింధు గారి మాటను గౌరవిస్తున్నాను, ఆ లెక్కలు అవసరమే. ఒక్క విషయం చేర్చుతాను. హర్డిల్స్ పందేలలో కుక్కలు చదును పందేలలో కన్నా కాస్త చెదిరి పరుగెత్తుతాయి, మొదటి మలుపు దగ్గర అన్నీ ఒకేచోట గుమికూడి ఢీకొనడం కొంత తగ్గుతుందని శిక్షకులు అంటారు. గాయాలు లేవని నేను అనడం లేదు. ప్రమాదం ఎక్కడ ఉందో వేరు చేసి చూస్తే తప్ప అడ్డంకులదెంత, మలుపులదెంత అన్నది తేలదు.

సింధు (పశువైద్య విద్యార్థిని)
వేరు చేసి చూడాలన్న మాటతో ఏకీభవిస్తాను. శిక్షకుల అనుభవం విలువైనదే అయినా, దానిని లెక్కల స్థానంలో నిలపలేము. హర్డిల్స్‌కు, చదును పందేలకు విడివిడిగా గాయాల వివరాలు చూపితే ఈ వాదన ఒక్క పూటలో తీరుతుంది.

గోదావరి లెక్కలు
ఇంతవరకు చర్చ కుక్క చుట్టూ, మైదానం చుట్టూ తిరిగింది. డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ వైపు నేను రాస్తాను. హర్డిల్స్ పందేలు ఎందుకు తగ్గాయో తెలియాలంటే మూడు మలుపులు చూడాలి.

1934 నాటి బెట్టింగ్, లాటరీల చట్టం కుక్కల ట్రాకులలో టోట్ యంత్రాలకు (అందరి పందెపు డబ్బును ఒకచోట చేర్చి గెలిచినవారికి పంచే యంత్రాలకు) చట్టబద్ధత ఇచ్చి, పందేలను ఏడాదికి 104 రోజులకు పరిమితం చేసింది. ఆ రోజుల్లో జనం ట్రాక్‌కే వచ్చి, టికెట్ కొని, అక్కడే పందెం కాసేవారు. వారిని రప్పించాలంటే కార్యక్రమంలో వైవిధ్యం కావాలి, హర్డిల్స్ ఆ వైవిధ్యాన్ని ఇచ్చింది. దూకే కుక్కలను చూడటానికే వచ్చేవారు ఉండేవారు.

1960 చట్టంతో ట్రాక్ బయట పందెం కాయడం చట్టబద్ధమైంది. మరుసటి ఏడాది నుంచి వీధి వీధినా బెట్టింగ్ దుకాణాలు తెరుచుకున్నాయి. ఇక ట్రాక్‌కు రావలసిన అవసరం చాలామందికి లేకపోయింది. 1967లో బుక్‌మేకర్లు, అంటే జనం దగ్గర పందెపు డబ్బు కట్టించుకునే వ్యాపారులు కలిసి మధ్యాహ్నపు గ్రేహౌండ్ ప్రసార సేవను ఏర్పాటు చేశారు. దాని ఉద్దేశం దుకాణాలలో కూర్చున్నవారికి ఎడతెగకుండా పందేలు అందించడం. దుకాణంలో కూర్చున్న వ్యక్తికి కుక్క దూకిందా, పరుగెత్తిందా అన్నదానితో పని లేదు, ఫలితంతోనే పని. నిర్ణీత వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి జరిగిపోవలసిన పందేల మధ్య, అడ్డంకులు పెట్టి తీయవలసిన పందెం భారమైంది. వాటికోసం ప్రత్యేకంగా కుక్కలను తయారుచేయాలి, ఆ శ్రమకు తగిన ప్రైజులు కూడా కావాలి. షెర్రీస్ ప్రిన్స్ విజయాలు సరిగ్గా ఈ మార్పు మొదలైన తొలి ఏళ్లలో వచ్చాయని గుర్తుంచుకోండి. దానికి ఎదురు నిలిచినవి వారం వారం దూకుతూ ఆరితేరిన కుక్కలు.

థేమ్స్ ఒడ్డు
గోదావరి లెక్కలు గారి విశ్లేషణ చాలా బాగుంది. అయితే బెట్టింగ్ దుకాణాలను మాత్రమే కారణంగా చూపితే సగమే చెప్పినట్లవుతుంది. మిగతా సగం భూమి ధర. 1920లలో ఊరి అంచున కట్టిన స్టేడియాలు నగరం పెరిగేకొద్దీ దాని నడిబొడ్డుకు చేరాయి. వాటి మీద ఇళ్లు కడితే వచ్చే ఆదాయం ముందు పందేల ఆదాయం లెక్కలోకి రాలేదు. వైట్ సిటీ పోయింది. వెంబ్లీలో 1998లో పందేలు ఆగిపోయాయి. వింబుల్డన్ 2017 మార్చిలో, హాల్ గ్రీన్ అదే ఏడాది జులైలో మూతపడ్డాయి. వింబుల్డన్ స్థలంలో ఏఎఫ్‌సీ వింబుల్డన్ జట్టు కొత్త ఫుట్‌బాల్ స్టేడియం 2020లో తెరుచుకుంది. చదరపు గజం ధర ముందు ఎంత ఘనమైన పోటీకైనా రక్షణ లేకపోయింది. గ్రాండ్ నేషనల్‌కు వరుసగా ఆతిథ్యమిచ్చిన మూడు మైదానాలలో ఇవాళ ఒక్కదానిలోనూ కుక్క పరుగెత్తడం లేదు. వింబుల్డన్‌లో నేను నిలబడి చూసిన మెట్ల వరుస కూడా మిగలలేదని తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మలక్‌పేట మైదానం
నా సందేహానికి ఇంత లోతైన సమాధానాలు ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రతిపాదన చేస్తాను. విజేతల పట్టికను మైదానం ప్రకారం నాలుగు భాగాలుగా చేసి, ప్రతి భాగానికి దూరం రాసి, సమయాలను ఆ భాగంలోపలే పోల్చడం మంచిది. విజయాల సంఖ్యను మాత్రం మొత్తం చరిత్రకు కలిపి చూడవచ్చు, ఎందుకంటే ఏ మైదానంలోనైనా ఆ ఏటి మేటి హర్డిల్స్ కుక్కలే ఎదురెదురుగా నిలుస్తాయి.

అపర్ణ కె.
నాలుగు కాదు, ఐదు భాగాలు చేయాలి. వైట్ సిటీలోనే గజాల కాలం వేరు, 1975 తరువాతి మీటర్ల కాలం వేరు. ఆ గీత గీయకపోతే టోపోథిటైడ్‌కు అన్యాయం జరుగుతుంది.

విజయాల సంఖ్యను కలిపి చూడటం మీద కూడా నాకొక అభ్యంతరం ఉంది. వారం వారం హర్డిల్స్ జరిగే ట్రాకులు దేశమంతా ఉన్న కాలంలో ఫైనల్‌కు చేరడానికి ఓడించవలసిన కుక్కల సంఖ్య, ఇవాళ ఓడించవలసిన కుక్కల సంఖ్య సమానం కావు. నేటి విజేత చిన్నదని దీని అర్థం కాదు. పోటీపడే గుంపు చిన్నదైందని మాత్రమే.

పాతపుటలు
ఐదు భాగాల ప్రతిపాదనను అంగీకరిస్తున్నాను, పట్టికను ఆ విధంగానే తయారుచేసి ఇక్కడ ఉంచుతాను. అపర్ణ గారి అభ్యంతరంలో నా మొదటి ప్రశ్నకు కావలసిన జవాబు కూడా దొరికింది. గుంపు చిన్నదైతే గెలవడం సులువై, మూడు విజయాల కుక్కలు ఎక్కువగా రావాలి కదా? రాలేదు. హర్డిల్స్ అవకాశాలు తగ్గినకొద్దీ మంచి కుక్కను ఏళ్ల తరబడి ఆ విద్యలోనే ఉంచడం యజమానికి గిట్టుబాటు కావడం లేదన్నది నాకు తోస్తున్న కారణం. మూడుసార్లు గెలవడానికి కుక్కలో సత్తా ఉంటే చాలదు, మూడేళ్లపాటు దానికి వారం వారం దూకే చోటు కూడా ఉండాలి.

వేటకుక్కల పెరడు
సరిగ్గా చెప్పారు. ఆ చోటు ఇంకా తగ్గుతోంది. హర్డిల్స్‌ను క్రమం తప్పకుండా నడిపిన క్రేఫోర్డ్ ట్రాక్ 2025 జనవరిలో మూతపడింది. ఈ క్రీడను నిషేధించాలన్న నిర్ణయాన్ని న్యూజిలాండ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో, వేల్స్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ప్రకటించాయి. ఇంగ్లండ్‌లో పందేలు కొనసాగుతున్నా, కొత్తగా హర్డిల్స్ నేర్పాలనుకునే శిక్షకుడు ముందుగా చూడవలసింది తన కెన్నెల్‌కు (కుక్కలను ఉంచి పెంచే చోటుకు) అందుబాటు దూరంలో అడ్డంకులు ఉన్న ట్రాక్ ఉందా అన్నదే. అడ్డంకులు ఉన్న ట్రాక్‌లో పదేపదే పరుగెత్తించకుండా ఏ కుక్కనూ గ్రాండ్ నేషనల్‌కు సిద్ధం చేయలేరు. అందుకే పాతపుటలు గారు తయారుచేసే పట్టికలో ప్రతి విజేత పేరు పక్కన, ఆ ఏడాది బ్రిటన్‌లో హర్డిల్స్ పందేలు జరిగిన ట్రాకుల పేర్లు కూడా చేర్చాలని కోరుతున్నాను. ఆ పనిలో 1970ల వరకు ఉన్న భాగానికి నేను సాయం చేస్తాను.

సింధు (పశువైద్య విద్యార్థిని)
2018 తరువాతి సంవత్సరాలకు గాయాల వరుస కూడా ఒకటి ఉంచండి. ప్రచురితమైన వార్షిక నివేదికలు చదివి ఆ వరుసను నేను నింపుతాను.